ఏరి తినువారు బరువు తగ్గుట యెట్లు?

ఈ విద్యాసంవత్సరము ఆగస్టు మాసమున నొకనాటి యుదయము, ప్రార్థనకూటము ముగిసి బాలురు తరగతులకు పోవు వేళ, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు వరుసలోనుండి ముందునకు తూలి మెట్లమీద పడెను. నీడకు చేర్చి, ముఖమున నీళ్లు చల్లి కూర్చుండబెట్టితిమి. తేరుకొన్న పిమ్మట “రాత్రి యేమి తింటివి నాయనా?” అని యడిగితిమి. “మజ్జిగ త్రాగినానండి” అనెను. “మొన్న?” “మొన్న కూడ మజ్జిగేనండి.” మరికొంత బుజ్జగించి యడుగగా, తొమ్మిది దినములుగా వాడు అన్నము ముట్టలేదని తేలినది.

తోడివారు వానిని ‘బస్తా’ యని పిలుచుచున్నారట. వేసవి సెలవులలో బంధువెవరో వానిని చూచి “అన్నము తగ్గించి కూరలు తినుము, సన్నబడుదువు” అని చెప్పెనట. ఆ మాటలో తప్పు లేదు. అయితే వాడు అందులో మొదటి సగమునే పాటింపగలిగెను. రెండవ సగము పాటించుటకు వానివలన కాలేదు. ఏలయన వాడు కూరలు తినడు. వసతిగృహమున వండు కూరలలో వాడు ముట్టునది బంగాళాదుంప యొక్కటే. అన్నము మానివేయగా కంచములో మిగిలినది మజ్జిగ మాత్రమే.

ఆ బాలుని మందలించుటకు మాకు నోరు రాలేదు. మేమును ఆ జాతివారమే. వాని యనుమతి గైకొని, వానివంటి బాలబాలికల నిమిత్తమును, వారి తలిదండ్రుల నిమిత్తమును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తల్లిగారికి మేము కడగొట్టువారము. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, బంగాళాదుంపల వేపుడు, కోడిగ్రుడ్డు, గడ్డపెరుగు ఉన్నచో కంచము ఖాళీచేయుదుము, లేనిచో లేచిపోవుదుము. వంకాయ వాసన, బెండకాయ జిగురు, కాకరకాయ చేదు, తోటకూర నమలునపుడు పంటికి తగులు పీచు, ఇవి యేవియు మాకు గిట్టవు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరినపుడు అచ్చటి భోజనశాలలో దినమున కొక కూర వండుచుండిరి. మేము మాత్రము ఆవకాయ జాడీని మంచముక్రింద దాచుకొని, శిక్షణ ముగియువరకు దానితోనే కాలము గడపితిమి. పెద్దవారమైనచో ఈ గుణము పోవునని అందరును అనుచుండిరి. పెద్దవారమైతిమి గాని గుణము పోలేదు.

నలువదియొకటవ యేట మోకాలినొప్పి వచ్చి వైద్యుని యొద్దకు పోతిమి. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు, నడుము చుట్టుకొలత 104 సెంటీమీటర్లు. వైద్యుడు కాగితముమీద ఒక చిన్న లెక్క వేసిరి. ఎత్తును మీటర్లలో తీసికొని, దానిని దానితోనే హెచ్చించి, వచ్చిన దానితో బరువును భాగింపవలెను. మా విషయమున 30 వచ్చినది. మన దేశస్థులకు ఈ సంఖ్య 23 చేరిన అధికమగు బరువనియు, 25 చేరిన స్థూలకాయమనియు వైద్యులు నిర్ణయించియున్నారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. ఈ లెక్క పెద్దవారికి మాత్రమే. ఎదుగుచున్న పిల్లలకు వయస్సును బట్టి వేరు పట్టికలు కలవు గనుక విద్యార్థులు దీనిని తమకు వేసికొని బెంగపడవలదు.

వైద్యుడిచ్చిన ఆహారపట్టికను ఇంటికి తెచ్చి చదివితిమి. దోసకాయ ముక్కలు, ఉడికించిన బీన్సు, ఆకుకూరలు, కాకరకాయ రసము, కాబేజీ. పట్టిక చక్కగానే యున్నది. అందు మేము తినునది ఒక్కటియు లేదు. ఆ బాలుడు చేసిన పనియే మేమును చేసితిమి. వద్దన్నవి మానితిమి, తినుమన్నవి తినలేదు. 12 దినములలో 3 కిలోలు తగ్గితిమి. పాఠశాలలో పిల్లలమీద అకారణముగా కోపగించుకొంటిమి. రాత్రులందు నిద్రపట్టక లేచి అలమార తెరచితిమి. అంతలో క్రిస్మసు సెలవులు వచ్చినవి. అరిసెలు, జంతికలు, బంధువుల యిండ్లలో పలావు. జనవరి మొదటి వారమున తూచుకొనగా మరల 82 కిలోలే. మొదటి దినములలో పోవు బరువులో హెచ్చుభాగము నీరే యని మాకు తరువాత తెలిసినది.

ఆకలిచే మనస్సెట్లు మారునో తెలిసికొనుటకు 1944వ సంవత్సరమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమందు ఒక గొప్ప పరీక్ష ఆరంభమయ్యెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఐరోపాలో కరవుపాలైన ప్రజలకు ఆహారము నెట్లు పెట్టవలెనో తెలియుటకై ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు దీనిని నడపెను. మనస్సాక్షి యొప్పక యుద్ధములో ఆయుధము పట్టని యువకులు 36 మంది తమంతట తాము ముందునకు వచ్చిరి. 24 వారములపాటు వారికి దినమునకు సుమారు 1570 కేలరీల ఆహారము పెట్టి, వారమునకు 22 మైళ్లు నడిపించిరి. శరీరపు బరువులో దాదాపు నాలుగవ వంతు తగ్గినది. అంతకన్న విచిత్రము వారి మనస్సులకు కలిగిన మార్పు. ఎండలో సైతము చలియనిరి. చదువుమీద, స్నేహముమీద, హాస్యముమీద ఇష్టము పోయినది. దినమంతయు తిండిని గూర్చియే తలంచుచు, వంటపుస్తకములు తెచ్చుకొని చదువుకొనిరి. ఆంక్షలు తొలగిన పిమ్మట ఎంత తినినను చాలక బాధపడినవారును కలరు. వీరందరు ఆరోగ్యవంతులు, దృఢసంకల్పము గలవారు. అట్టివారే యట్లయినచో, పదునాలుగేండ్ల బాలుడు మజ్జిగతో తొమ్మిది దినములు గడపి మెట్లమీద పడుటలో ఆశ్చర్యమేమున్నది? అలమార తెరచినందుకు మమ్ము మేము నిందించుకొనుట కూడ ఈ సంగతి చదివిన పిమ్మటనే మానితిమి.

ఇక ఏరి తినుట యనునది ఎందువలన కలుగును? పొగరువలన ననియు, గారాబమువలన ననియు పెద్దలందురు. గారాబము కొంత కలదు, కాదనము. కాని అంతయు నదియే కాదు. 1931లో ఆర్థర్ ఫాక్సు అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో ఒక పొడిని సీసాలో పోయుచుండగా అది కొంత గాలిలోనికి లేచినది. ప్రక్కనున్న సహచరుడు “అబ్బ, చేదు!” అనెను. ఫాక్సునకు ఏ రుచియు తోచలేదు. ఇద్దరును దానిని నాలుకమీద వేసికొని చూచిరి. ఒకనికి విషమువలె చేదు, మరియొకనికి సుద్దపొడి. తరువాత అనేకులకు రుచి చూపగా, మనుష్యులలో కొందరు ఈ చేదును పుట్టుకతోనే ఎరుగుదురనియు, కొందరెరుగరనియు రూఢియైనది. దీనికి కారణమగు జన్యువును 2003లో కనుగొనిరి. కాబేజీ, కాలీఫ్లవరు మొదలగు కూరలలోని చేదు వాసి కొందరి నాలుకకు హెచ్చుగా తగులుట ఇందువలననే. కావున ఒకే గిన్నెలోని కూరను తిను అన్నకును, త్రోసివేయు తమ్మునికిని నోటిలో కలుగు రుచి ఒక్కటియే యని తలంపరాదు.

మరియు క్రొత్త తిండిని చూచి జంకుట పసిపిల్లలందరికిని సహజము. రెండవ యేటినుండి ఆరవ యేటివరకు అది మిక్కుటముగా నుండి, తరువాత చాలమందికి తగ్గును. కొందరికి, మావంటివారికి, తగ్గదు. అలవాటుయొక్క బలము కూడ సామాన్యమైనది కాదు. ఫిలడెల్ఫియా నగరములోని మోనెల్ పరిశోధనాలయమువారు 2001లో ప్రకటించిన పరీక్షలో, గర్భవతులుగా నున్నపుడు గాని పాలిచ్చునపుడు గాని క్యారెట్టు రసము త్రాగిన తల్లుల శిశువులు, అన్నప్రాశన కాలమున క్యారెట్టు కలిపిన జావను తక్కిన శిశువులకన్న ఇష్టముగా పుచ్చుకొనిరి. నాలుక నేర్చుకొనగలదని దీనివలన తెలియుచున్నది. అయితే అది పాఠము నేర్చుకొను తీరున, మరల మరల చెప్పగా నేర్చుకొనును. ఇష్టములేని యొక కూరను పిల్లవాడు అంగీకరించుటకు ఎనిమిది పది సారులు, ఒక్కొక్కప్పుడు పదునైదు సారులు రుచి చూడవలసియుండును. మన యిండ్లలో రెండు సారులు పెట్టి, మూడవసారి “వీడు తినడు” అని తీర్పు చెప్పుచున్నాము. ఎక్కములు రెండుసారులు చెప్పి మానిన ఉపాధ్యాయుని ఏమందుము?

రెండవసారి మేము బరువు తగ్గుటకు పూనుకొన్నపుడు పట్టికను ప్రక్కన పెట్టి, తినుచున్నదేమో ముందు చూచుకొంటిమి. మా గృహిణి చిన్న తక్కెడ తెచ్చి వారము దినములు అన్నియు తూచెను. మా యొక్కరి నిమిత్తము పొయ్యిమీదికి పోవుచున్న బియ్యము దినమునకు 400 గ్రాములు. 100 గ్రాముల బియ్యమున సుమారు 350 కేలరీలుండును గాన, అన్నమువలననే 1400. నెయ్యి పూటకు రెండు చెంచాలు, దినమునకు నాలుగు. చెంచాకు 45 చొప్పున 180. తేనీరు నాలుగు గ్లాసులు, గ్లాసునకు చక్కెర రెండు చెంచాలు. చెంచాకు 20 చొప్పున 160. వేపుడులోని నూనె వేరు, సాయంకాలపు జంతికలు వేరు. కూరలు తినువాని కడుపులో కూర యాక్రమించు చోటును మేము అన్నముతో నింపుచున్నామని అప్పటికి గాని మాకు బోధపడలేదు.

ఈ లెక్కలో మాకొక మేలు కనబడినది. క్రొత్త వస్తువు ఒక్కటియు కంచమున చేర్చకయే తగ్గింపదగినది ఇందులో చాల కలదు. బియ్యము 400 నుండి 300 గ్రాములకు దింపినచో 350 కేలరీలు, నెయ్యి నాలుగు చెంచాలనుండి రెండింటికి దింపినచో 90, చక్కెర ఎనిమిది చెంచాలనుండి నాలుగింటికి దింపినచో 80. మొత్తము 520. ఒక కిలో క్రొవ్వు కరగుటకు సుమారు 7700 కేలరీలు కొరతపడవలెనందురు. ఆ చొప్పున పదునైదు దినములకు ఒక కిలో తగ్గవలెను. పుస్తకములోని లెక్క యిది. మాకు నెలకు ఒక కిలో తగ్గుటయే గగనమైనది. పెండ్లిండ్లు, పండుగలు వచ్చును. అదియుగాక దేహము తేలికయగుకొలది దాని ఖర్చును తగ్గును.

అన్నము తగ్గించినపుడు ఆకలి బాధింపకుండవలెనన్న ఆ చోటున మరియొకటి యుండవలెను. ఇదియే ఏరి తినువారికి వచ్చు చిక్కు. దీనికి మేము మొదట కూరలవైపు పోలేదు. మాకిష్టమైన పప్పునొద్దకే పోతిమి. కందిపప్పు 100 గ్రాములలో మాంసకృత్తులు ఇంచుమించు 22 గ్రాములు కలవు, బియ్యములో 7 లేక 8 మాత్రమే. మాంసకృత్తులు ఆకలిని హెచ్చుసేపు ఆపును. అంతవరకు అన్నములో పప్పు కలుపుకొనుచుంటిమి. ఇప్పుడు పప్పులో అన్నము కలుపుకొనుచున్నాము. ఉదయము ఇడ్లీలకు బదులు వారమునకు నాలుగు దినములు పెసరట్టు. మధ్యాహ్నము ఉడికించిన గ్రుడ్డు. రాత్రి గడ్డపెరుగునకు బదులు పలుచని పెరుగు. బంగాళాదుంపను మానలేదు; నూనెలో వేపుటకు మారుగా ఉడికించి, పోపు పెట్టి, నిమ్మరసము పిండి తినుచున్నాము. దుంప దోషి కాదు, అది పీల్చుకొను నూనెయే దోషి. ఆవకాయను పూటకొక ముక్కకు తగ్గించితిమి. ఇది బరువునకై కాదు, ఉప్పునకై. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

అయినను తెల్లని యన్నము, పప్పు, దుంప, పెరుగులతో జీవితమంతయు గడపవచ్చునా యని విద్యార్థులడుగవచ్చును. బరువు తగ్గవచ్చును గాని దేహమునకు కావలసినవన్నియు దొరకవు. ఈ సంగతి తెలుగువారికి ఒకప్పుడు మిక్కిలి ఖరీదుపెట్టి తెలిసినది. గత శతాబ్దపు పూర్వభాగమున మరలలో ఆడించిన తెల్లని బియ్యమునే ప్రధానముగా తిను ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి ప్రబలియుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, గుండె బలహీనమై మనుష్యులు చనిపోవుచుండిరి. తవుడుతోకూడ పోవుచున్న బి1 విటమినే దీనికి మూలము. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ఈ వ్యాధి అరుదు. బెరిబెరిని పరిశోధించుటకై 1918లో రాబర్టు మెకారిసన్ కూనూరులో చిన్న గదిలో ఆరంభించిన పనియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరున వెలయుచున్నది. ఆ సంస్థవారు 2024లో వెలువరించిన సూచనలలో, 2000 కేలరీల ఆహారమునకు ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కూడ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని వ్రాసియున్నారు. కంచములో సగము కూరలు, పండ్లు ఉండవలెనని దాని భావము. మా కంచములో అప్పటికి అవి సున్న. ఏరి తినువాడు ఒకవైపు అధికభోజి, మరియొకవైపు పస్తున్నవాడు. ఇది మాకు తగిలిన మాట.

అందుచేత బియ్యమును దింపిన రెండు నెలలకు కూరలను ఎక్కించుటకు ఆరంభించితిమి. మేము పట్టిన మార్గమేమనగా, ఇష్టమైన వస్తువును మెట్టుగా చేసికొని దాని ప్రక్కదానిని అందుకొనుట. ముద్దపప్పు ఇష్టమే గదా. అందులో గుప్పెడు పాలకూర మెత్తగా ఉడికించి కలిపించితిమి. పీచు లేదు, రంగు మాత్రమే మారినది. రెండు వారములకు రెండు గుప్పెళ్లు, మరికొన్ని దినములకు గోంగూర. గోంగూర పులుపు ఆవకాయకు దూరపు చుట్టము గనుక దానితో స్నేహము త్వరగా కుదిరినది. పచ్చళ్లు ఇష్టమే గదా. బీరపొట్టు పచ్చడితో పెసరట్టు తింటిమి, తరువాత బీరకాయయు పప్పులోనికి వచ్చినది. ఆనపకాయ తురుము పెసరట్టు పిండిలో చేరినది. క్యారెట్టు తురిమి పెరుగులో వేసికొంటిమి.

బెండకాయతో మూడు మాసములు పోరాడితిమి. జిగురునకు మూలము తడియే యని మా గృహిణి కనిపెట్టెను. కాయలను ముందుగా కడిగి, గుడ్డతో తుడిచి, గాలికి బాగుగా ఆరనిచ్చి, అటుపిమ్మట పెద్దముక్కలుగా కోసి, మూతపెట్టక వెడల్పాటి మూకుడులో కొద్ది నూనెతో వేయించినచో జిగురు చాలవరకు పోవును. పులుసులో వేసినను చింతపండు పులుపునకు విరుగును. మొదట కరకరలాడు నాలుగు ముక్కలు, తరువాత మెత్తనివి, ఇప్పుడు పులుసులోనివియు తినుచున్నాము. పదునొకండవ పర్యాయమునకు గాని మా నోరు దానిని ఒప్పుకొనలేదు. పంతులవారము గనుక లెక్క వ్రాసికొంటిమి.

వంకాయ మాత్రము నేటికిని సాధ్యపడలేదు. గుత్తివంకాయను కాదను తెలుగువాడు ఇంకొకడుండడని మా మామగారు అనుచుందురు. ఉండనీ. లోకమున వంకాయ యొక్కటియే కూర కాదు. ఏరి తినువాడు అన్నియు తినవలెనను నియమము లేదు. పప్పులు, ఆకులు, కాయలు, పండ్లు అను ఒక్కొక్క వర్గమునుండి రెండు మూడు వస్తువులు ఒప్పుకొన్నచో చాలును.

ఇందులో ఒక పొరపాటు జరిగినది. ఒకనాడు మా గృహిణి మాకు చెప్పక వంకాయను మెత్తగా మెదిపి పప్పులో కలిపెను. రెండవ ముద్దలోనే కనిపెట్టితిమి. “ఏమండీ, తెలియకుండ తింటే అలవాటవుతుందనుకున్నాను” అని ఆమె నొచ్చుకొనెను. అలవాటగుట అటుండగా, మేము నమ్మిన పప్పుమీదనే నమ్మకము పోయి వారము దినములు దానిని వాసన చూచి తింటిమి. తల్లులు దీనిని గమనింప ప్రార్థింతుము. కూరను మెత్తగా చేసి కలుపుట తప్పు కాదు. చెప్పక కలుపుట తప్పు. మరియు “ఇది తినిన మిఠాయి పెట్టుదును” అను బేరము కూడ మంచిది కాదు. కూర శిక్షయు మిఠాయి బహుమానమును అని బిడ్డ వెంటనే గ్రహించును. ముక్కుమూసి మ్రింగించుటవలన వాంతి యలవడును గాని రుచి యలవడదు. ఉసిరికాయంత పరిమాణము కంచము అంచున పెట్టి, తినినను తినకున్నను మాటాడక, తామును దానినే తినుచు కూర్చుండుట మంచిది. పెద్దలు తినని కూరను పిల్లలు తినవలెననుట అన్యాయము. ఈ విషయమున మా పిల్లలు మమ్ము చాలసారులు పట్టుకొనిరి.

పిల్లల బరువు మాట వేరుగా చెప్పవలసియున్నది. ఎదుగుచున్న బాలుడు లావుగా నున్నచో సాధారణముగా అతని బరువును దింప నక్కరలేదు. బరువు పెరుగకుండ నిలిపి ఎత్తు పెరుగనిచ్చినచో దేహము తనంతట తానే సరిపడును. అందుకు పూటలు మాన్పింపరాదు. మాన్పింపవలసినవి వేరే కలవు: శీతలపానీయములు, బేకరీ పఫ్ఫులు, విరామవేళ తిను చిప్సు పొట్లములు. శీతలపానీయము 100 మిల్లీలీటర్లలో చక్కెర సుమారు 10 గ్రాములుండును. 250 మిల్లీలీటర్ల సీసా త్రాగినచో ఐదు చెంచాల చక్కెర త్రాగినట్లే. దినమునకు ఒక గంట చెమట పట్టునట్లు ఆడవలెను. లావుపాటి బాలురు ఆటస్థలమునకు రాకపోవుట బద్ధకమువలన కాదు, ‘బస్తా’ యను పిలుపువలన అని మేము ఆగస్టు మాసమున తెలిసికొంటిమి. ఆ పిలుపు మా తరగతిలో ఎన్నిసారులు మా చెవిని పడెనో, ఎన్నిసారులు విననట్లూరకుంటిమో తలంచుకొనగా సిగ్గు కలుగుచున్నది.

బిడ్డ వేగముగా చిక్కిపోవుచున్నను, కళ్లు తిరుగుచున్నను, బాలికలకు నెలసరి తప్పుచున్నను, తిండిని దాచి పారవేయుచున్నను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. తిను వస్తువులు వ్రేళ్లమీద లెక్కింపదగినంత తక్కువై, క్రొత్తది చూచినంతనే వణకు పిల్లలును కొందరు కలరు. అది మొండితనము కాదు. 2013లో అమెరికా మానసికవైద్యులు తమ వ్యాధుల గ్రంథమున దానికి ప్రత్యేకముగా స్థానమిచ్చిరి. అట్టివారికి చికిత్స కలదు.

మా సంగతి ముగింతుము. నడక సాయంకాలము నలువది నిమిషములు. దానినిగూర్చి చెప్పుటకు విశేషమేమియు లేదు, వానకాలమున మానితిమి, మరల ఆరంభించితిమి. పది మాసములకు 82 కిలోలు 72 అయినవి. తరువాతి రెండు సంవత్సరములలో 74కు పోయి 72కు వచ్చుచున్నాము. వైద్యుని లెక్కలో ఇంకను 26 దాటియే యున్నాము. మోకాలు మాత్రము మెట్లెక్కనిచ్చుచున్నది.

ఆ బాలుడు సెప్టెంబరు మొదటి వారమునుండి మూడు పూటలు తినుచున్నాడు. వసతిగృహములో వంటచేయు పెద్దమ్మ వానిని పిలిచి “నీకు ఏది ఎట్లా వండితే దిగుతుందో చెప్పు బాబూ” అని యడిగినదట. ఇంతవరకు వానిని అట్లడిగినవారు లేరు. పాలకూర పప్పు సాధించినాడు. బీరపొట్టు పచ్చడి కావలెనని యడిగి వేయించుకొనుచున్నాడు. బరువు ఆగస్టులో నున్నంతయే యున్నది. ఎత్తు 3 సెంటీమీటర్లు పెరిగినాడు. ఫుట్‌బాల్ ఆటలో గోలు కాచుచున్నాడు. వచ్చు మంగళవారము వసతిగృహమున బెల్లము, చింతపండు వేసి కాకరకాయ పులుసు వండుదురు. వానికి ఒక ముక్క, మాకు ఒక ముక్క అని ఒప్పందము. ఇది వానికి ఆరవసారి, మాకు తొమ్మిదవసారి.